గిరగిర గడి

నా చెల్లెలు నేలకి నలభై మీటర్ల ఎత్తున కూర్చుని పనిచేసేది. పెద్ద భవనాలు కట్టేచోట పొడుగాటి క్రేను నిలబడి ఉంటుంది కదా, దాని మెడ దగ్గర అగ్గిపెట్టెలాంటి గాజు గది ఒకటి ఉంటుంది. అందులో. సైటులో అందరూ మా చెల్లెల్ని పిట్ట అనేవారు. నేను బడిలో భాష చెబుతాను. ఇద్దరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. సాయంత్రాలు నేను పిల్లల వ్యాసాలు దిద్దుతుంటే ఎదురుగా కూర్చుని, "నీకు రోజంతా నలభై మొహాలు, నాకు నలభై నెత్తులు. ఎవరి బతుకు హాయో చెప్పు పంతులమ్మా" అనేది.

అది పోయి నాలుగు నెలలైంది. జ్వరం, ఆరు రోజులు. ఆ జ్వరానికీ, ఇక్కడ చెప్పబోయే చెవి జబ్బుకీ ఏ సంబంధమూ లేదు. జ్వరం సంగతి రాయను. చెవి సంగతి రాస్తాను. అందులో అది చేసిన పని ఒకటుంది. దాన్ని చూసినదాన్ని నేనొక్కదాన్నే.

గాజు గదిలో కిటికీ చట్రానికి దారం కట్టి, తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసుకునే ఇనప గుండు వేలాడదీసుకుంది. గాలి వేస్తే క్రేను ఊగుతుంది. గాలి కొలిచే మీటరు వేరే ఉంది. "మీటరు ఆఫీసు వాళ్ళ కోసం, గుండు నా కోసం" అనేది. దారం చట్రాన్ని దాటి ఎంత పక్కకి పోతే ఎంత గాలో దానికి లెక్క తెలుసు. పదమూడేళ్ళు ఆ లెక్కతో పనిచేసింది.

ఒకరోజు పొద్దున్న పదింటికి, ఇనప ఊచల కట్ట గాల్లో ఉండగా, ఎడమ చెవిలో హోరు మొదలైంది. లోపల ఎవరో దూది కుక్కినట్టయింది. తరవాత ఎదురుగా ఉన్నదంతా కుడి నుంచి ఎడమకి జారిపోసాగింది. గాలనుకుని దారం వంక చూసింది. దారమూ చట్రమూ కలిసే జారుతున్నాయి. దారం ఒక్కటే కదిలితే ఊగుతున్నది క్రేను. రెండూ కలిసి తిరిగితే తిరుగుతున్నది తను.

"బాబాయ్, మనుషుల్ని తప్పించు. లోడు దింపుతున్నాను. నాకేం కనబడటం లేదు, నువ్వే చెప్పు" అంది వాకీటాకీలో.

బాబాయ్ అంటే కింద నిలబడి సైగలతో, వాకీటాకీతో దానికి దారి చెప్పే పెద్దాయన. మాకు చుట్టం కాదు, సైటులో అందరికీ బాబాయే. ఆ మనిషి ఎందుకు, ఏమిటి అని ఒక్క ప్రశ్న వెయ్యలేదు. "రా... రా... ఇంకా రా... మెల్లిగా... మూరెడు... జానెడు... ఆగు" అన్నాడు. నా చెల్లెలు కళ్ళు మూసుకుని ఆ గొంతు వింటూ ఊచల కట్టని నేల మీద పెట్టింది. ఒక్క ఊచ కూడా చెదరలేదట. ఆ తరవాత రెండు గంటలు గాజు గది నేల మీద పడుకుని, తగ్గాక నిచ్చెన పట్టుకుని తనే దిగి వచ్చింది.

"ఏమే పిట్టా, తినకుండా ఎక్కావా?" అన్నాడు బాబాయ్.

"తిన్నాను బాబాయ్. తిన్నదంతా పైనే ఉంది, ఎవరైనా బకెట్టు పట్టుకెళ్ళండి" అంది.

కంపెనీ వాళ్ళు మంచిగానే మాట్లాడారు. కాని నియమం నియమమే: చివరిసారి వచ్చిన రోజు నుంచి ఆరు నెలలు మళ్ళీ రాకూడదు, ఆ మాట చెవి డాక్టరు రాసి సంతకం పెట్టాలి, అప్పుడే నిచ్చెన ఎక్కాలి. అప్పటిదాకా స్టోర్సులో హెల్మెట్లూ చేతి తొడుగులూ ఇచ్చే పని అప్పగించారు. మొదటి రోజు ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూ, "కిందికి వస్తే అందరికీ మొహాలున్నాయి అక్కా. పై నుంచే బాగున్నారు" అంది. నవ్వుతూనే అంది. ఆ రాత్రి అన్నం సగమే తింది.

ఆరు నెలలు కాదు, ఆరు రోజులు కూడా తెరిపి దొరికేది కాదు. మా ఇంట్లో ఆ జబ్బుకి రాట్నం అని పేరు పెట్టాం, రంగులరాట్నం లోంచి. "అక్కా, రాట్నం" అంటే చాలు, నేను దిండు తెచ్చి పడేసేదాన్ని. అది నేల మీద వెల్లకిలా పడుకుని, వంటింటి కిటికీకి కట్టుకున్న రెండో గుండు వంక చూస్తూ, తగ్గేదాకా మాట్లాడేది కాదు. ఉప్పు తగ్గించాం. మాత్రలు మార్చాం. ఎనిమిది నెలలు అలా గడిచాక డాక్టరు సూదుల మాట ఎత్తాడు.

ఆ డాక్టరు గదిలో బల్ల మీద చెవి బొమ్మ ఒకటి ఉండేది, ముక్కలు ముక్కలుగా ఊడేది. నత్తగుల్లలాంటి ముక్క చేత్తో పట్టుకుని చెప్పాడు. "మెనియర్ జబ్బులో ఇక్కడ, లోపలి గదుల్లో, నీరు ఎక్కువవుతుంది. దీనికి రెండు మందులున్నాయి. రెండూ కర్ణభేరిలోంచి సన్నటి సూదితో వేసేవే. ఒకటి జెంటామైసిన్. లోపల తూకం చూసే భాగాన్ని నిద్రపుచ్చుతుంది. బాగా పనిచేస్తుందని పేరు. కాని ఆ పక్క ఇల్లే వినికిడిది. దానికీ సెగ తగలొచ్చు. రెండోది స్టెరాయిడ్. వినికిడికి భయం తక్కువ. తిరగడాన్ని మొదటిదానంత ఆపుతుందా, ఎన్నాళ్ళు ఆపుతుంది, అన్నది తేలలేదు."

"ఏది మంచిదండీ?" అంది చెల్లెలు.

"తెలిస్తే ఇంతసేపు బొమ్మ పట్టుకుని ఎందుకు కూర్చుంటానమ్మా? సూది వేసి పంపేసేవాణ్ణి. తెలుసుకోవడానికే అరవై మందిని చేర్చుకుంటున్నాం. సగం మందికి అది, సగం మందికి ఇది. ఎవరికి ఏది వెళ్ళిందో వాళ్ళకీ తెలియదు, నాకూ తెలియదు. మందుల గదిలో ఒక్కాయనకి తెలుసు. ఆయన చెప్పడు."

"పెళ్ళాం అడిగినా?"

"పెళ్ళి కాలేదు. అందుకే ఆయన్ని పెట్టుకున్నాం."

నాకు నవ్వు రాలేదు. దారిలో అన్నాను, "చీట్లు తీసినట్టు నీ చెవిని ఎవరి చేతికో ఇస్తావా? వినికిడి పోతే?" అది బస్సు కిటికీ లోంచి ఎక్కడో క్రేను కనబడితే మెడ తిప్పి చూస్తోంది. "ఆ రోజు లోడు కింద పెట్టింది చెవితోనే. పోతే పైకెళ్ళను. రాట్నం ఆగకపోయినా పైకెళ్ళను. రెండు వైపులా గొయ్యే కదా, ఎటు పడాలో డాక్టరుకే తెలియనప్పుడు నాకేం తెలుస్తుంది?" అంది. మెడ ఇటు తిప్పి, "బాబాయ్ గొంతుకి ఒక చెవి చాలు అక్కా. ఆయనకి వాకీటాకీ ఇచ్చిందే దండగ" అంది.

సూదులకి ముందు ఒక నెల రోజూ చిన్న పుస్తకంలో రాయాలి. ఆసుపత్రి వాళ్ళిచ్చిన పుస్తకమే. రోజుకో గడి. పైన అచ్చులో ఒకే ప్రశ్న: 'ఈరోజు కళ్ళు తిరిగాయా? ఎన్నిసార్లు?' ఆ నెలలో దానికి ఏడుసార్లు రాట్నం వచ్చింది. ఏడుసార్లూ దిండు పట్టుకెళ్ళినదాన్ని నేనే. నెల చివర నర్సు పుస్తకం తిరగేస్తుంటే పక్కన ఉన్నదాన్నీ నేనే. ముప్పై గళ్ళలోనూ గుండ్రటి అక్షరాలతో 'లేదు' అని ఉంది.

"ఒక్కసారి కూడా రాలేదా అమ్మా?" అంది నర్సు.

"ఏడుసార్లు వచ్చిందండీ."

"మరి లేదని రాశారేం?"

"కళ్ళు తిరిగాయా అని అడిగారు. నా కళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. గది తిరిగింది."

నర్సు నా వంక చూసింది. "మా అక్క పంతులమ్మండీ. అడిగినదానికే జవాబు రాయాలి, లేకపోతే సున్నా చుడుతుంది" అంది చెల్లెలు.

నర్సు ముందు నవ్వింది. తరవాత ఆగిపోయింది. లేచి అలమారలోంచి మిగతావాళ్ళ పుస్తకాలు తెచ్చి బల్ల మీద పరిచింది. ఒకావిడ ముప్పై రోజుల్లో నలభై నాలుగుసార్లని రాసింది. ఫోను చేసి అడిగితే, పొద్దున్న మంచం మీంచి లేవగానే ఒక క్షణం చీకట్లు కమ్ముతాయని చెప్పింది. ఇంకొకాయన ఎండలో నిలబడితే నీరసం వచ్చిన రోజులు కూడా రాశాడు. మరొకరు నడకలో తూలిన ప్రతిసారీ రాశారు. మన భాషలో వీటన్నిటికీ కళ్ళు తిరగడమే. డాక్టరు లెక్కపెట్టాలనుకున్నది మాత్రం ఒక్కటే.

మరుసటి వారం డాక్టరు నన్ను పిలిపించాడు. "టీచరుగారూ, ఇలాగే మొదలుపెట్టి ఉంటే రెండు మందులనీ కాదు, అరవై మంది భాషని పోల్చేవాళ్ళం. నాలుగు మాటలు వెతికి పెట్టండి" అన్నాడు.

ఆ నాలుగు మాటలకి మా వంటింట్లో పది రోజులు పట్టింది. నేను ఒక మాట రాస్తే చెల్లెలు కొట్టేసేది. "భ్రమణం ఏమిటే, నేనేమైనా భూగోళాన్నా?" అనేది. చివరికి పుస్తకం మొదటి పేజీలో ఇవి ఉన్నాయి. గిరగిర: మీరు కదలకపోయినా గదో, మీరో బొంగరంలా తిరగడం. తూలు: నడుస్తుంటే పక్కకి ఒరగడం, కూర్చుంటే పోవడం. చీకట్లు: లేచి నిలబడగానే కళ్ళ ముందు నల్లబడటం. దిమ్ము: తల బరువెక్కి చెవి మూసుకుపోవడం. ఒక్కోదానికి ఒక్కో గడి. గిరగిర గడిలో ఎన్ని నిమిషాలన్నది కూడా రాయాలి. ఇరవై నిమిషాలూ, ఆ పైనా ఉంటేనే డాక్టరు లెక్కలోకి వస్తుంది. ఆసుపత్రి కమిటీ ఒప్పుకుంది. కొత్త పుస్తకాలు అచ్చయ్యాయి. అందరూ ఇంకో నెల మళ్ళీ రాశారు. ముప్పై ఏళ్ళలో నేను రాసినవాటిలో అచ్చయినది ఆ పేజీ ఒక్కటే. చెల్లెలు బాబాయ్‌కి చూపించి, "చదువు, మా అక్క పుస్తకం వేసింది" అందట.

సూది రోజు నన్ను లోపలికి రానిచ్చారు. సిరంజికి తెల్ల కాగితం చుట్టి ఉంది, లోపలి రంగు కనబడకుండా. కాగితం మీద ఇరవై మూడు అని ఉంది, అది మా నంబరు. డాక్టరు కర్ణభేరికి మత్తుమందు పూసి, సూక్ష్మదర్శిని లోంచి చూస్తూ మెల్లిగా వేశాడు. "ఇప్పుడు అరగంట ఇలాగే, ఎడమ చెవి పైకి పెట్టి పడుకోవాలి. మాట్లాడకూడదు, గుటక కూడా మింగొద్దు, మందు గొంతులోకి జారిపోతుంది" అన్నాడు. అది నోరు మూసుకుని ఉండటం పుట్టి బుద్ధెరిగాక నేను చూడలేదు. అరగంటా నా అరచేతిలో వేలితో అక్షరాలు రాసింది. 'అసలు పరీక్ష ఇదే' అని మొదటి వాక్యం. రెండోది నాకు అర్థం కాలేదు. తరవాత అడిగితే, "నీ చెయ్యి చల్లగా ఉంది, భయపడకు అని రాశాను. నువ్వు చదువు చెప్పేదానివి, ఆ మాత్రం చదవలేవా?" అంది.

రెండు వారాలకి రెండో సూది. దాని ముందు రోజు ఒక రాట్నం వచ్చింది. ఆ తరవాత రాలేదు. కాబట్టి కంపెనీ ఆరు నెలలూ, రెండో సూది నుంచి డాక్టరు లెక్కపెట్టే ఆరు నెలలూ ఇంచుమించు ఒకేసారి మొదలయ్యాయి. గోడ కాలెండరు మీద తేదీలు కొట్టేస్తూ పోయాం. మొదటి నెలంతా తూలు గడి నిండింది. తాగినవాడిలా గోడ పట్టుకుని నడిచేది. "ఇది జెంటామైసినే. పందెం. తూకం నిద్రపోయింది, చూడు" అనేది. నేను స్టెరాయిడ్ అన్నాను, వినికిడి పోకూడదని ఆశ కొద్దీ. రెండో నెలకి తూలు తగ్గింది. మూడో నెలలో స్టోర్సు నుంచి వచ్చేటప్పుడు రోడ్డు వార రాళ్ళ అంచు మీద సర్కసు మనిషిలా చేతులు చాచి నడిచి చూపించింది. వినికిడి పరీక్షలో గీత ముందున్నచోటే ఉంది. నాలుగు, అయిదు నెలలు గిరగిర గడిలో అన్నీ సున్నాలే. నేను సున్నాలు చూసి సంతోషించిన కాలం అదొక్కటే. అయిదో నెల చివర తన పాత బూట్లకి నూనె రాసుకుంది.

ఇంకా పదకొండు రోజులున్నాయనగా వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం. గిన్నెలు తోముతోంది. చేతిలో గరిట ఉంది. "అక్కా" అంది, రాట్నం అన్న మాట అనలేదు. ఒక చేత్తో గట్టు పట్టుకుని నేల మీదికి జారింది. నేను దిండు పెట్టి గోడ గడియారం చూశాను. అలవాటైపోయింది. దాని పక్కన కూర్చుని, ఎన్నడూ లేనిది, మొహంలోకి వంగి చూశాను. కనుపాపలు మెల్లగా ఒక పక్కకి జారి, చటుక్కున వెనక్కి వస్తున్నాయి. మళ్ళీ జారుతున్నాయి. దానికి గది తిరుగుతోంది. చూస్తున్న నాకు దాని కళ్ళు తిరుగుతున్నాయి. ఆ పాత మాట ఎవరు పుట్టించారో గాని, జబ్బు పడ్డవాళ్ళు కాదు. నాలాగా పక్కన కూర్చున్నవాళ్ళెవరో.

ఇరవై రెండు నిమిషాలకి తగ్గింది.

లేచి మొహం కడుక్కుని, బల్ల దగ్గర కూర్చుని పుస్తకం తీసింది. కలం మూత తీసింది కాని రాయలేదు. నేను ఎదురుగా కూర్చున్నాను. ఇక్కడ నేనన్న మాటలు మార్చకుండా రాస్తాను.

"తూలు అని రాయి" అన్నాను.

అది తల ఎత్తింది.

"గిన్నెలు తోముతుంటే తూలావు, కూర్చున్నావు. అంతే కదా. ఇరవై నిమిషాలకి కాస్త పైన ఉంటే అదొక లెక్కా? గడియారం వేగంగా నడుస్తూ ఉండొచ్చు."

"మన గడియారం వెనకబడుతుంది అక్కా. బడికి నువ్వే ఆలస్యంగా వెళ్తావు."

"పదకొండు రోజులే. ఆరు నెలల్లో ఒక్కటి. ఎవరికి తెలుస్తుంది? ఇక్కడున్నది నువ్వూ నేనూ."

అది పుస్తకం నా వైపు తిప్పి, మొదటి పేజీ తెరిచింది. "తూలు అంటే ఏమిటో చదువు" అంది.

నేను చదవలేదు.

"పది రోజులు కూర్చుని రాశావు కదా. కూర్చుంటే పోవడం అని ఉంది. నేను పడుకున్నా పోలేదు." మెల్లిగానే మాట్లాడింది. "నాకు సూది వేసినది చెవి బాగుపడటానికే. కాని గడి నింపుతున్నది నా కోసం కాదు. రేపు నాలాంటిది ఇంకొకతె వస్తుంది. దానికి ఏ సూది వెయ్యాలా అని డాక్టరు ఈ గళ్ళు చూస్తాడు. ఆ రోజు బాబాయ్ 'జానెడు' అంటే జానెడే. మూరెడుండగా జానెడన్నాడనుకో, ఎవడి కాలు నలిగేది?"

"నీ ఉద్యోగం..."

"ఉద్యోగం ఎక్కడికీ పోదు, పైనే ఉంది. నేనే ఇంకో ఆరు నెలలు కింద ఉంటాను." పుస్తకం మళ్ళీ తన వైపు తిప్పుకుంది. "నిమిషాలు ఎన్ని? నువ్వు చూశావు కదా."

నేను చెప్పలేదు. అది కలం పట్టుకుని నా కోసం ఎదురుచూసింది. పరీక్ష హాల్లో నేను పిల్లల కోసం ఎదురుచూసినట్టు, తొందర లేకుండా, కోపం లేకుండా.

"ఇరవై రెండు" అన్నాను.

గిరగిర గడిలో సున్నాల వరస చివర ఒకటి వేసింది. పక్కన ఇరవై రెండు అని రాసింది. మూత పెట్టి లేచి, మిగిలిన గిన్నెలు తోమింది. నేను ముప్పై ఏళ్ళుగా పిల్లలకి నిజం రాయమని చెబుతున్నాను. రాస్తుంటే చూసినది ఆ రోజు. సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు అడుగునే ఇంకొకటి మొదలైంది. దాని పేరు అప్పుడు నాకు తెలియలేదు.

మర్నాడు సేఫ్టీ ఆఫీసరుకి తనే వెళ్ళి చెప్పింది. లెక్క మళ్ళీ మొదటికొచ్చింది. డాక్టరు పరీక్షకి పెట్టుకున్న ఆరు నెలలు నిండాక, నియమం ప్రకారం, ఆ కాగితం చుట్టిన మందే ఇంకోసారి వేశాడు. అది ఏ మందో ఇంకా ఎవరికీ తెలియదు. ఈసారి అరగంటలో నా అరచేతిలో ఏమీ రాయలేదు. పట్టుకుని పడుకుంది, అంతే.

కొత్త లెక్కలో ఆరు నెలలూ సున్నాలే. డాక్టరు సంతకం పెట్టిన కాగితం చూపించి పైకి వెళ్ళే రోజు నేను బడికి సెలవు పెట్టాను. నాకూ ఒక హెల్మెట్ ఇచ్చి, బయటివాళ్ళు దాటకూడని గీత అవతల నిలబెట్టారు. స్టోర్సులో ఇన్నాళ్ళు తనే ఇచ్చిన హెల్మెట్లలోది. నిచ్చెన మీద అది చిన్నదవుతూ, చిన్నదవుతూ, గాజు గదిలో చుక్కయింది. కాసేపు ఏమీ కదల్లేదు. తరవాత వాకీటాకీలో గొంతు వచ్చింది: "బాబాయ్, గుండు నిలువుగా ఉంది. పక్కన పంతులమ్మ హెల్మెట్ వెనకది ముందుకి పెట్టుకుంది, సరిచెయ్యి."

సైటంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ క్రేను చేయి మెల్లగా తిరిగి, ఇటుకల బుట్టని ఎత్తి, చప్పుడు కాకుండా మూడో అంతస్తులో పెట్టింది. పక్కనున్న ఎవరో, "ఎవరమ్మా పైన?" అని అడిగారు. "మా చెల్లెలు" అన్నాను. అడగనివాళ్ళకి కూడా చెప్పాను.

పద్నాలుగు నెలలు పనిచేసింది. తరవాత జ్వరం వచ్చింది.

పోయిన వారం ఆసుపత్రి నుంచి కవరు వచ్చింది, దాని పేరు మీద. డాక్టరుకి సంగతి తెలుసు. లోపల నా పేర చిన్న ఉత్తరం కూడా పెట్టాడు. పరీక్ష ముగిసింది, లెక్క తేలింది. నేను ఒక్కదాన్నే తెరవలేక బల్ల మీద పెట్టి ఉంచాను. ఆదివారం బాబాయ్ వచ్చాడు. ప్రతి ఆదివారం వస్తున్నాడు. అరగంట కూర్చుని, నాలుగు మాటలాడి వెళ్తాడు. "చదువు తల్లీ, అర్థమయ్యేలా చదువు" అన్నాడు.

చదివాను. రెండు గుంపుల్లోనూ గిరగిరలు బాగా తగ్గాయి, ఇంచుమించు సమానంగా. వినికిడి తగ్గినవాళ్ళు జెంటామైసిన్ వైపు కొంచెం ఎక్కువ కనబడ్డారు గాని, ఇంత చిన్న లెక్కతో గట్టిగా చెప్పలేమని రాశారు. ఇక మీదట తన దగ్గరికి వచ్చేవాళ్ళకి, ముఖ్యంగా చెవితో పని ఉన్నవాళ్ళకి, స్టెరాయిడ్ మాట కూడా ధైర్యంగా చెప్పగలనని డాక్టరు ఉత్తరంలో రాశాడు. రోజూ రాసిన నాలుగు గళ్ళ పుస్తకం మొదటి పేజీని నివేదిక చివర్న అచ్చు వేశారు. ఇరవై మూడో నంబరుకి వేసినది స్టెరాయిడ్.

"పందెం నేను గెలిచాను" అన్నాను. చెప్పాక ఎవరికి చెబుతున్నానో తెలిసి ఆగిపోయాను.

బాబాయ్ తన కళ్ళజోడు సర్దుకుని కాగితం మీదికి వంగాడు. "మన పిట్ట ఏ గడిలో ఉంది?"

విడిగా పెట్టిన కాగితంలో దాని లెక్క ఉంది. సూదులకి ముందు, తరవాత. తరవాతి ఆరు నెలల కింద ఒకే అంకె. వేలు పెట్టి చూపించాను. ఒకటి.

"ఆ పదకొండు రోజులప్పటిదేనా?"

"అదే." ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని మాట అప్పుడు చెప్పాను. "బాబాయ్, నేను రాయొద్దన్నాను. తూలు అని రాయమన్నాను. పంతులమ్మని అయ్యుండి."

ఆయన కాగితం మీంచి తల ఎత్తలేదు. "అవునా? నాతో అలా చెప్పలేదే" అన్నాడు.

"ఏం చెప్పింది?"

"సోమవారం పొద్దున్న స్టోర్సు దగ్గర ఏడుస్తుంటే అడిగాను. మళ్ళీ వచ్చింది బాబాయ్, రాసేశాను అంది. ఎన్ని నిమిషాలో ఎలా తెలిసిందే, నీకప్పుడు సోయి ఉండదు కదా అన్నాను. ఏమందంటే..." బాబాయ్ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. "మా అక్క పక్కన కూర్చుని గడియారం చూసింది బాబాయ్. ఇరవై రెండంటే ఇరవై రెండే, దాని దగ్గర ఒక్క నిమిషం అటూ ఇటూ ఉండదు, అంది. గొప్పగా చెప్పింది తల్లీ. ఏడుస్తూనే గొప్పగా చెప్పింది."

నేను వంటింట్లోకి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాను. గాలి లేదు. దారం చట్రానికి సరిగ్గా నిలువుగా ఉంది. వెనక నుంచి బాబాయ్ చెబుతున్నాడు, పైన గాజు గదిలోకి కొత్తగా వచ్చినామె గుండు తియ్యొద్దంది, ఉండనీ అంది అని.

తిరిగి వచ్చి ఎర్ర కలం తీసుకున్నాను. ముప్పై ఏళ్ళ అలవాటు. ఆ ఒకటి పక్కన చిన్నగా 'సరి' గుర్తు పెట్టాను.